నచ్చని చిత్రము - ఉండరాని చిత్రము

మన యిండ్లలో చిత్రములను గూర్చి మాట వచ్చినప్పుడు సామాన్యముగా రెండు విధములైన సంభాషణలు సాగును. మొదటిది ఎవరికి ప్రియమైన చిత్రకారులను వారు తలచుకొనుట. ఒకరు రవివర్మ లక్ష్మీ సరస్వతులను స్మరింతురు. ఒకరు ఇరువదియెనిమిదేండ్లైన నిండకుండ 1925లో గతించిన రాజమహేంద్రవరపు దామెర్ల రామారావును కొనియాడుదురు. మరియొకరు వడ్డాది పాపయ్య వర్ణములను, బాపు రేఖను మెచ్చుకొందురు. ఈ సంభాషణ ఎంతసేపు సాగినను కలహమునకు దారితీయదు. రెండవది, నేటి చిత్రశాలలలో కనబడు విరిగిన యవయవములను, వంకరపోయిన ముఖములను, పేరు పెట్టనలవికాని ఆకృతులను గూర్చినది. ఇచట కంఠస్వరములు హెచ్చును. "ఇదియు నొక చిత్రమేనా? నాకు నచ్చలేదు" అని యొకరందురు. "ఇట్టివానిని జనులకు చూపనిచ్చుటయే తప్పు" అని వేరొకరందురు.

ఈ రెండు మాటలును ఒకే కోపమునుండి పుట్టినట్లు తోచును గాని, వాని దారులు వేరు. మొదటిది అభిరుచి, రెండవది అధికారము. మొదటి మాటనుండి రెండవ మాటకు ఒక గొప్ప దేశము నడచిపోయినప్పుడు ఏమి జరిగెనో తెలిసికొనుట మనకు మిక్కిలి అవసరమని తలచి, జర్మనీలోని మ్యూనిక్ నగరమున 1937వ సంవత్సరమున జరిగిన రెండు ప్రదర్శనముల కథను ఇచట వివరింప బూనితిమి.

ఆ యేడు జూలై 18వ తేదీన మ్యూనిక్‌లో కొత్తగా కట్టిన విశాలమైన కళామందిరమున "గొప్ప జర్మన్ కళాప్రదర్శనము"ను హిట్లరు స్వయముగా ప్రారంభించెను. అందు దృఢకాయులైన కర్షకులు, పిల్లలతో గూడిన తల్లులు, వీరసైనికులు, నున్నని నగ్నశిల్పములు - అన్నియు కంటికి ఇంపుగ, కొలతకు సరిగ నుండెను. మఱునాడు, జూలై 19వ తేదీన, దానికి కొద్ది దూరములోనే ఒక పాతభవనపు ఇరుకుగదులలో రెండవ ప్రదర్శనము తెరువబడెను. దానికి "భ్రష్టకళ" యని పేరిడిరి. మొదటిది మెచ్చుకొనుటకు, రెండవది అసహ్యించుకొనుటకు. ప్రజలు ఏమి చూడవలెనో మాత్రమే గాక, చూచి ఏ భావము పొందవలెనో కూడ ప్రభుత్వమే నిర్ణయించెను.

"భ్రష్టత" యను నీ మాట చరిత్ర విచిత్రమైనది. దానిని కళా విమర్శలో ప్రచారము చేసినవాడు మాక్స్ నోర్డో యను వైద్యుడు. 1892లో వెలువడిన తన గ్రంథమున అతడు, నాటి నూతన కవులును చిత్రకారులును నరముల వ్యాధిచే పీడితులనియు, వారి రచనలు రోగలక్షణములనియు వాదించెను. ఆ నోర్డో యూదుడు. తరువాత యూదుల జాతీయోద్యమమున ప్రముఖుడైనవాడు. నలువదియైదేండ్ల పిమ్మట యూదులను నిర్మూలింప బూనినవారే అతని మాటను తమ ఆయుధముగ జేసికొనిరి. నచ్చని చిత్రమును రోగమని పిలిచినప్పుడు, దానిని రచించినవానిని రోగియని పిలుచుట సులభమగును. రోగిని సంఘమునుండి వేరుచేయవలెననుట అంతకంటెను సులభమగును. మాట మొదట పుస్తకములోనే యుండును. దానిని ఎవరి చేతులు ఎప్పుడు ఎత్తుకొనునో పుస్తకము వ్రాసినవాడు ఎఱుగడు.

ప్రదర్శనమునకు వలసిన వస్తుసామగ్రిని సమకూర్చిన విధము చూడదగినది. ప్రచారశాఖ మంత్రి గోబెల్సు జూన్ మాసాంతమున అనుజ్ఞ నీయగా, అడాల్ఫ్ జీగ్లర్ అను చిత్రకారుని నాయకత్వమున ఒక సంఘము బయలుదేరి, దేశములోని చిత్రశాలలను చుట్టివచ్చెను. మూడు వారములైన గడువకముందే 32 చిత్రశాలలనుండి తెచ్చిన సుమారు 650 కృతులు మ్యూనిక్ గోడలకెక్కెను. ఇవి దొంగసొత్తులు కావు. ప్రజల సొమ్ముతో చిత్రశాలాధికారులు తెలిసి కొన్నవి, బహిరంగముగ వ్రేలాడుచుండినవి. ఈ వేట అంతటితో నాగక, దేశమంతటను మొత్తముమీద ఇరువదివేలకు పైబడిన కృతులు తొలగింపబడెను. 1938 మే 31వ తేదీన చేసిన యొక శాసనముచే ఈ జప్తు పరిహారము లేకుండ చట్టబద్ధము చేయబడెను. ముందు పని, పిమ్మట చట్టము.

ఆ గదులలో చిత్రములను పెట్టిన తీరు కూడ ఒక వాదనయే. వానిని ఒకదానికొకటి తగులునట్లు క్రిక్కిరియ దగిలించిరి. కొన్ని త్రాళ్లకు ఓరగ వ్రేలాడుచుండెను. గోడలపై పెద్ద అక్షరములతో పరిహాసవాక్యములు వ్రాసిరి. యుద్ధమున చనిపోయినవారి స్మారకముగ ల్యూబెక్ నగరపు దేవాలయమునకై లుడ్విగ్ గీస్ చెక్కిన క్రీస్తు విగ్రహమును మొదటనే నిలిపిరి. కొన్ని చిత్రముల ప్రక్కను అవి కొనబడిన ధరలను వ్రాసి, "శ్రమించు జర్మన్ ప్రజల పన్నులనుండి చెల్లింపబడినది" అను భావము గల చీటీలు అంటించిరి. ఇచటి మోసము గ్రహింపదగినది. వానిలో పెక్కు ధరలు 1923 ప్రాంతమున కాగితపు మార్కు విలువ కూలిపోయిన కాలమునాటివి. ఆ సంవత్సరాంతమున ఒక రొట్టెకే వేలకోట్ల మార్కులు చెల్లింపవలసి వచ్చెను. ఆ సంగతి చెప్పక అంకెలను మాత్రము చూపినచో, ఏ గృహస్థునకు కోపము రాకుండును? అబద్ధము చెప్పనక్కరలేదు, నిజములో సగము దాచిన చాలును.

ప్రవేశము ఉచితము, పిన్నవయస్కులకు నిషేధము. ఈ నిషేధము కుతూహలమును పెంచినదే గాని తగ్గింపలేదు. నవంబరు చివరినాటికి ఇరువది లక్షల మందికి పైగా ఆ గదులలో తిరిగిరి. ప్రక్కనున్న "గొప్ప జర్మన్" ప్రదర్శనమునకు వచ్చినవారు అందులో మూడవవంతైన లేరు. ఇంతమంది ఏల వచ్చిరి? నవ్వుటకు వచ్చినవారు ఎక్కువమంది యుందురు. ఇక నీ చిత్రములను మరల చూడలేమని తలచి, కడసారి చూచిపోవుటకు వచ్చినవారును కొందఱుందురు. ప్రక్కప్రక్క నిలుచున్న ఆ యిరువురి ముఖములను చూచి ఎవరెవరో చెప్పుట కష్టము. ఏలయనగా నవ్వనివాని ముఖము నాడు అనుమానాస్పదము.

ఇంతకును ఆ చిత్రములలో నేమున్నది? ఒక్క ఉదాహరణము జూతము. ఓటో డిక్స్ మొదటి ప్రపంచయుద్ధమున మర తుపాకి దళములో పనిచేసిన సైనికుడు. 1920లో అతడు "యుద్ధ వికలాంగులు" అను చిత్రము రచించెను. కాళ్లు లేనివారు, దవడ యెగిరిపోయినవారు, కొయ్యకాళ్లతో నడచువారు నలుగురు వీథిలో పోవుచుందురు; సైనిక దుస్తులు, పతకములు వారి యొంటిపై నింకను గలవు. చూచువారి మనస్సు కలవరపడును. కాని ఆ కలవరమునకు మూలము డిక్స్ కుంచె కాదు. 1914 మొదలు 1918 వరకు ఐరోపాలో జరిగిన పని. జర్మనీ వీథులలో నిజముగ నట్టివారు తిరుగుచుండిరి. వారిని కన్నవారెవ్వరును డిక్స్ అబద్ధమాడెనని యనజాలరు. మఱల యుద్ధమునకు సిద్ధపడుచున్న ప్రభుత్వమునకు ఆ నిజము పనికిరాదు. అందుచే దానిని వీరుల యవమానముగ వర్ణించి గోడకెక్కించిరి. డిక్స్ ఆచార్యపదవి 1933లోనే పోయెను. ఆ చిత్రము తరువాత కనబడకుండ పోయినది.

వేరొక ఉదాహరణము ఇంకను వింతయైనది. ఫ్రాంజ్ మార్క్ "నీలిగుఱ్ఱముల గోపురము" అను పెద్ద చిత్రము రచించెను. గుఱ్ఱములు నీలముగ నుండవు గనుక అదియు భ్రష్టమే యనిరి. కాని మార్క్ 1916లో వెర్దూన్ యుద్ధరంగమున జర్మనీ పక్షమున పోరాడి మరణించిన వీరుడు, పతకము పొందినవాడు. పూర్వ సైనికాధికారుల సంఘమువారు ఆక్షేపింపగా ఆ చిత్రమును ప్రదర్శనమునుండి తీసివేసిరి. అనగా, ఒకే చిత్రము సోమవారము దేశద్రోహము, శనివారము కాదు! చిత్రములోని నీలము మాఱలేదు. చిత్రకారుని మరణమును గూర్చి గుర్తుచేసినవారుండిరి, అంతియే. ఆ చిత్రము కూడ యుద్ధానంతరము దొరకలేదు.

నిందితులైన చిత్రకారులందఱు సాధువులని చెప్ప నుద్దేశింపలేదు. ఎమిల్ నోల్డే నాజీ పక్షమున సభ్యుడు. యూదులపై ద్వేషము కలవాడు. అయినను వెయ్యికి పైబడిన అతని కృతులు జప్తు చేయబడెను. తాను మొక్కిన దేవత తన్ను మ్రింగగా నతడు ఆశ్చర్యపడెను. ఎర్న్స్ట్ కిర్క్‌నర్ స్విట్జర్లాండు కొండలలో నుండియు ఈ యవమానమును భరింపలేక, అదివరకే యున్న యనారోగ్యముతో క్రుంగి, 1938 జూన్‌లో ఆత్మహత్య చేసికొనెను. ప్రదర్శనపు కరపుస్తకముపై ముఖచిత్రముగ ముద్రింపబడిన విగ్రహమును చెక్కిన ఓటో ఫ్రాయిండ్లిక్‌ను 1943లో మైదానెక్ చావు శిబిరమునకు పంపిరి, అతడు తిరిగిరాలేదు. విగ్రహమును పరిహసించుటకును విగ్రహకర్తను చంపుటకును నడుమ ఆరేండ్లే యున్నవి.

ఈ కథ మనకు దూరపుదని యెవరైన తలతురేమో. కాదు. 1922 డిసెంబరులో కలకత్తాలో జరిగిన ప్రదర్శనమున పాల్ క్లే, కాండిన్‌స్కీ మొదలగువారి చిత్రములు మన దేశపు చిత్రకారుల చిత్రములతోపాటు ప్రదర్శింపబడెను. పరాధీనమైన మన దేశమున గౌరవముతో తగిలింపబడిన ఆ చిత్రకారులే పదునైదేండ్లకు తాము పనిచేసిన దేశమున పరిహాసపాత్రులైరి.

ఇంతకంటె దగ్గఱి సంబంధము మఱొకటి కలదు. రవీంద్రనాథ ఠాకూరు అరువదియేండ్లు దాటిన పిదప కుంచె పట్టెను. వ్రాతప్రతులలో కొట్టివేసిన పంక్తులను కలుపుచు మొదలైన ఆ రేఖలు పేరులేని పక్షులుగ, మృగములుగ, ముసుగువంటి ముఖములుగ పెరిగెను. గీతాంజలిలోని లాలిత్యమును ఎదురుచూచినవారికి ఆ చిత్రములు ఒక గగుర్పాటు కలిగించును. చీకటిలోనుండి ఎవరో మనలను చూచుచున్నట్లుండును. 1930లో మొదట పారిస్‌లోను, అటుపిమ్మట బెర్లిన్ మొదలగు నగరములలోను అవి ప్రదర్శింపబడెను. అప్పుడు బెర్లిన్ జాతీయ చిత్రశాలకు చేరిన ఆయన చిత్రములు ఐదు 1937లో భ్రష్టకళయని తొలగింపబడినవానిలో చేరినవి. మన పాఠ్యపుస్తకములలో విశ్వకవియని చదువుకొను మహానుభావుడు ఒక దేశపు పట్టికలో రోగియైనాడు. ఆయనను ఎఱిగిన మనకు ఆ పట్టికయెంత యబద్ధమో తెలియుచున్నది. ఆ పట్టికలో మనమెఱుగని పేరులు చదువునప్పుడును ఈ జ్ఞానము మనకు తోడుండవలెను.

భ్రష్టమని నిందించిన చిత్రములను ఆ ప్రభుత్వము ఏమిచేసెను? విలువలేనివైనచో నన్నింటిని కాల్చివేయవలసినది. అట్లు చేయలేదు. విదేశపు ధనము వచ్చునవి ఏరి, 1939 జూన్ 30వ తేదీన స్విట్జర్లాండులోని లుసర్న్ నగరమున 125 కృతులను వేలము వేసిరి. బాసెల్ నగరపు చిత్రశాల ఆ సంవత్సరమున ఈ రాశినుండి 21 కృతులను కొని రక్షించెను. దానికి ముందే, మార్చి 20వ తేదీన బెర్లిన్ అగ్నిమాపకశాల యావరణలో సుమారు ఐదువేల కృతులను కాల్చినట్లు నాటి లెక్కలు చెప్పుచున్నవి. ధనము వచ్చునది సంతకు, రానిది మంటకు. ఇందు ధర్మాగ్రహము ఎంత, వ్యాపారబుద్ధి యెంత యని పాఠకులే నిర్ణయింపవచ్చును.

ఇక మన దేశమువైపు చూతము. 1943లో వంగదేశమున ఘోరమైన కఱవు వచ్చి లక్షలకొలది జనులు చనిపోయిరి. చిత్తప్రసాద్ అను యువచిత్రకారుడు మిడ్నపూరు మండలమున తిరిగి, ఆకలిచే నెండిన దేహములను నల్లని సిరాతో గీచి, తాను చూచినదానిని వ్రాసి, "ఆకలిగొన్న వంగము" అను అర్థము గల చిన్న పుస్తకము ప్రకటించెను. ఆంగ్లేయ ప్రభుత్వము దాని ప్రతులను పట్టి నాశనము చేసెను. ఐదువేల ప్రతులలో చిత్రకారుని కుటుంబమువారు దాచియుంచిన యొక్క ప్రతి మిగిలెననియు, దానినిబట్టియే 2011లో మరల ముద్రింపబడెననియు చెప్పుదురు. ఆ చిత్రములు చూచువారి కంటికి నిద్ర రానీయవు. రానీయకుండుటకే అవి గీయబడినవి. తినుటకు లేక చచ్చిన మనుష్యుడు అందముగ నుండవలెనని కోరుట ఎంత క్రూరము!

స్వతంత్రము వచ్చిన పిమ్మటనైన ఈ యలవాటు పోయెనా? 1954లో బొంబాయిలో అక్బర్ పదమ్‌సీ తన ప్రదర్శనమున నుంచిన దంపతుల చిత్రమునకై అశ్లీలమను నేరముపై విచారింపబడి, న్యాయస్థానముచే నిర్దోషిగ విడువబడెను. డెబ్బదియేండ్ల పిమ్మట, అదే నగరమున సుంకపు అధికారులు అదే పదమ్‌సీ చిత్రములను, సూజా చిత్రములను అశ్లీలములని జప్తు చేయగా, 2024 అక్టోబరులో బొంబాయి ఉన్నత న్యాయస్థానము ఆ యుత్తరువును కొట్టివేసి, నగ్నత యెల్ల అశ్లీలము కాదని మరల చెప్పవలసివచ్చెను. ఇచట న్యాయస్థానము నిలిచినది. అది మనకును నాటి జర్మనీకిని గల గొప్ప భేదము. కాని చెప్పిన పాఠమునే డెబ్బదియేండ్ల కొకసారి చెప్పించుకొనుట మనకు గౌరవము కాదు.

"మన సంప్రదాయము సౌందర్యమునే కోరును, ఈ వికృతి పరదేశపుది" అని కొందఱందురు. భరతుడు నాట్యశాస్త్రమున చెప్పిన రసములు ఎనిమిది. వానిలో భయానకమొకటి, బీభత్సమొకటి. భయమును, జుగుప్సను గూడ మన పూర్వులు రసముగ నంగీకరించి, శృంగారముతో సమానమైన పీటపై కూర్చుండబెట్టిరి. మన దేవాలయ స్తంభములపై ఉగ్రనరసింహుడు హిరణ్యకశిపుని తొడపై బెట్టుకొని ప్రేగులు చీల్చుచుండును. ఎముకలు తేలి, కడుపు వీపునకంటిన చాముండను మన శిల్పులు ఎంత శ్రద్ధతో చెక్కిరి! మన యవ్వలు పసిపిల్లలను చంకనెత్తుకొని ఆ స్తంభముల ముందే నమస్కరించి పోవుదురు. పిల్లవాడు భయపడినచో కథ చెప్పి భయము తీర్తురు. విగ్రహమునకు ముసుగు వేయుమని అడుగలేదు. భయమునకు మందు కథయని వారెఱుగుదురు.

ఇట్లన్నంతమాత్రమున ఏ చిత్రమైనను ఎచటనైనను ఉండవచ్చునని, భయపెట్టునదెల్ల గొప్పదని చెప్పుట మా యుద్దేశము కాదు. కేవలము తుళ్లిపడునట్లు చేయుటకే పుట్టిన చిత్రములు నేడు పెక్కు గలవు; వానికి చూచినవారి మఱపే తగిన శిక్ష. పిల్లల వయస్సునుబట్టి ఏది ఎప్పుడు చూపవలెనో నిర్ణయించు బాధ్యత తల్లిదండ్రులది. ఒక చిత్రము బలహీనులైన యొక జాతివారిపై ద్వేషమును రేపుచో దానిని ప్రశ్నింపవలసినదే. 2022లో జర్మనీలోని కాసెల్ నగరపు కళోత్సవమున ఇండొనీసియా చిత్రకారుల సంఘమొకటి నిలిపిన పెద్ద పటములో యూదులను నిందించు ఆకృతులుండగా, బహిరంగచర్చ జరిగి, మొదట కప్పబడి, పిమ్మట తొలగింపబడెను. ఆ నిర్ణయము సరియైనదా కాదా యని యింకను వాదింపవచ్చును. వాదింపవచ్చుననుటయే ముఖ్యము. చిత్రకారులు తమ మాట చెప్పిరి, క్షమాపణ చెప్పిరి. ఎవ్వరిని శిబిరమునకు పంపలేదు. 1937లో మ్యూనిక్ గదులలో వాదము లేదు. గోడలు మాత్రమే మాటలాడెను.

కావున మా మనవి యిది. ఇంట నొక చిత్రమును గూర్చి మాట వచ్చినప్పుడు ఆడపిల్లలను, మగపిల్లలను, పెద్దలను గూడ "నాకు నచ్చలేదు" అని నిర్భయముగ చెప్పనిండు. అది వారి హక్కు. చెప్పిన పిమ్మట, కలవరము ఎచటనుండి వచ్చెనో కొంచెము నిదానించి యడుగుడు. చిత్రకారుడు మనలను మోసగించెనా, లేక మనము చూడనొల్లని దేదో చూపెనా? కొత్తదనముచేతనే యిట్లు తోచుచున్నదా? ఇది ఎవరినైన హింసించుచున్నదా, లేక హింసను చూపుచున్నదా? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము వచ్చిన పిదపను ఆ చిత్రము నచ్చకపోవచ్చును. రవివర్మ సరస్వతి గోడమీద నుండగనే, ఠాకూరు గీచిన చీకటి ముఖమునకు వేఱొక గోడ లేకపోయినను, దానికి లోకమున చోటు లేదనకుండుటయే వలసినది.

2010లో బెర్లిన్ నగరమున భూగర్భ రైలుమార్గమునకై త్రవ్వుచుండగా, యుద్ధకాలపు శిథిలములలో మసిబారిన విగ్రహములు కొన్ని బయటపడెను. పరీక్షింపగా అవి భ్రష్టకళయని నిందింపబడి కనబడకుండ పోయినవని తేలెను. అందు ఎమీ రోడర్ అను శిల్పకారిణి చేసిన "గర్భిణి" యను మట్టి విగ్రహపు తలయు నుండెను. బాంబులకు కూలిన యింటిక్రింద అఱువదేండ్లకు పైగ పడియుండి, కనులు వాల్చిన ఆ తల్లి ముఖము మరల వెలుగులోనికి వచ్చినది. దానిని చూచి భ్రష్టమని యనగలవారు నేడు ఎవరున్నారు? నాడు ఇరువది లక్షల మంది ఆ గదులలో నడచిరి. వారిలో ఎందఱు ఒక్క క్షణమైన నిలిచి, తమ కన్నులతో తాము చూచిరో!